ఏఎఫ్ఎల్ 2026: ఒక జట్టు రాబోయే సీజన్‌లో ఎలా రాణిస్తుందో ఏ కొలమానంతో అంచనా వేయాలి?

2024 ఆస్ట్రేలియన్ ఫుట్‌బాల్ లీగ్‌లో 18 జట్లలో 15వ స్థానంతో సరిపెట్టుకున్న అడిలైడ్, 2025లో పాయింట్ల పట్టికలో మొదటి స్థానానికి ఎగబాకింది. అదే 2024లో పట్టికకు అగ్రభాగాన నిలిచి టైటిల్‌ను తేల్చే చివరి మ్యాచ్ అయిన గ్రాండ్ ఫైనల్ ఆడిన సిడ్నీ, మరుసటి ఏడాది 10వ స్థానానికి జారి, మొదటి ఎనిమిది జట్లు టైటిల్ కోసం తలపడే ఫైనల్స్‌కు దూరమైంది. ఈ రెండు జట్లలోనూ మైదానంలోకి దిగినవారిలో అధిక భాగం పాతవారే. ఒక్క ఏడాదిలో ఇంత తారుమారు జరిగే ఆటలో, రాబోయే సీజన్ గురించి ముందుగా మాట్లాడేవారు ఏ ఆధారాన్ని ఎంతవరకు నమ్మాలో తేల్చుకోవడమే అసలు పని.

మెల్‌బోర్న్, అడిలైడ్, పెర్త్ నగరాల్లో స్థిరపడిన తెలుగువారికి మార్చి నెల దగ్గరపడేసరికి ఈ ప్రశ్న ఏదో ఒక రూపంలో ఎదురవుతుంది. ఆఫీసులో టిప్పింగ్ పోటీలో (వారం వారం గెలిచే జట్లను ఊహించే సరదా పోటీ) పేరు ఇవ్వమంటారు, బడిలో తోటి పిల్లలు ‘మీది ఏ జట్టు’ అని మన పిల్లలను అడుగుతారు, కుటుంబమంతటికీ మెంబర్‌షిప్ తీసుకోవాలన్న ఆలోచన వస్తుంది. అంచనాకు అందుబాటులో ఉన్న కొలమానాలను ఒకదానితో ఒకటి పోల్చి, వాటిలో దేనికి ఎంత విలువ ఇవ్వాలో నా అభిప్రాయాన్ని ఇక్కడ వివరిస్తున్నాను. డబ్బు పెట్టి పందెం కాయడానికి ఈ లెక్కలేవీ చాలవు, దయచేసి వీటిని అందుకు వాడవద్దు.

గత ఏడాది స్థానం

అందరూ మొదట చూసేది ఇదే. ఒక్కో జట్టు సీజన్‌లో 23 మ్యాచ్‌లు ఆడుతుంది, గెలుపుకు 4 పాయింట్లు, డ్రాకు 2 పాయింట్లు దక్కుతాయి. పాయింట్లు సమానమైతే పర్సెంటేజ్ (దీన్ని కింద వివరిస్తాను) ఎక్కువ ఉన్న జట్టు పైన ఉంటుంది. పట్టిక మధ్యభాగంలో రెండు మూడు గెలుపుల తేడాతోనే ఐదారు స్థానాలు మారిపోతాయి కాబట్టి, ఏడో స్థానానికీ పన్నెండో స్థానానికీ మధ్య కనిపించే దూరం చాలాసార్లు నిజమైన బలంలో ఉన్న దూరం కాదు. 2016లో 13వ స్థానంలో ఉన్న రిచ్‌మండ్ 2017లో ప్రీమియర్‌షిప్, అంటే లీగ్ టైటిల్, గెలిచింది. 2019లో 17వ స్థానంలో ఉన్న మెల్‌బోర్న్ 2021లో గెలిచింది. 2021లో 17వ స్థానానికి పడిపోయిన కాలింగ్‌వుడ్ మరుసటి ఏడాది నాలుగో స్థానానికి, ఆపై ఏడాది ప్రీమియర్‌షిప్‌కు చేరుకుంది.

అయితే పట్టిక అడుగుభాగాన ఈ కొలమానానికి కొంత విలువ ఉంది. నార్త్ మెల్‌బోర్న్ 2021 నుంచి 2025 వరకు వరుసగా 18, 18, 17, 17, 16 స్థానాల్లో ముగించింది. వెస్ట్ కోస్ట్ 2025లో 23 మ్యాచ్‌లలో ఒక్కటే గెలిచింది. ఆటగాళ్ల బృందమే పలచబడిన జట్టు ఒక్క వేసవి శిక్షణతో పైకి రాదు. కనుక చివరి రెండు మూడు స్థానాలను నమ్మవచ్చు, మధ్యలో ఉన్న పదీ పన్నెండు స్థానాలను మాత్రం నేను అంచనాకు పునాదిగా తీసుకోను.

పర్సెంటేజ్, దగ్గరి మ్యాచ్‌లు, గురి

నా దృష్టిలో అన్నిటికన్నా ముందు చూడవలసినది ఇదే. జట్టు సీజన్ మొత్తంలో మ్యాచ్‌లలో స్కోరు చేసిన పాయింట్లను ప్రత్యర్థులకు ఇచ్చిన పాయింట్లతో భాగించి 100తో గుణిస్తే వచ్చేది పర్సెంటేజ్. ఐపీఎల్ చూసేవారికి నెట్ రన్ రేట్ ఎలాంటిదో ఇదీ అలాంటిదే, కాకపోతే 100 దగ్గర ఉంటే జట్టు సమస్థితిలో ఉందని అర్థం. మ్యాచ్‌ను ఒక్క పాయింటుతో ఓడినా, 60 పాయింట్లతో ఓడినా పట్టికలో దక్కేది సున్నాయే, ఆ తేడాను పర్సెంటేజ్ ఒక్కటే గుర్తుపెట్టుకుంటుంది.

అడిలైడ్ కథ అంతా ఇక్కడే ఉంది. 2024లో ఆ జట్టు 8 గెలిచి, 14 ఓడి, ఒకటి డ్రా చేసుకుంది. అయినా దాని పర్సెంటేజ్ 100కు కొద్దిగా మాత్రమే తక్కువ. అంటే 15వ స్థానంలో ఉన్న జట్టు మొత్తం మీద ప్రత్యర్థులు సాధించినన్ని పాయింట్లు దాదాపుగా సాధించింది, ఓటముల్లో చాలా వాటిని స్వల్ప తేడాతో మూటగట్టుకుంది. దానికి ముందు ఏడాది, 2023లో, ఫైనల్స్ చేరకపోయినా ఆ జట్టు పర్సెంటేజ్ 116 దాటింది. ఈ రెండు సంఖ్యలను పక్కపక్కన పెట్టి చూసినవారికి 2025లో అడిలైడ్ లేచి నిలబడటం అంతగా ఆశ్చర్యం కలిగించి ఉండదు. మొదటి స్థానం వరకు వెళ్తుందని ఎవరూ చెప్పలేకపోయినా, మొదటి ఎనిమిదిలోకి వస్తుందని చెప్పడానికి తగిన ఆధారం అప్పటికే కళ్లముందు ఉంది.

ఇదే సూత్రం తలకిందులుగా కూడా పనిచేయాలి. స్వల్ప తేడాలతో వరుసగా గెలిచిన జట్టు మరుసటి ఏడాది తగ్గాలి. 2022లో కాలింగ్‌వుడ్ 16 మ్యాచ్‌లు గెలిచినా దాని పర్సెంటేజ్ 104 చుట్టూ ఉండిపోయింది, అందువల్ల 2023లో పడిపోతుందని చాలామంది భావించారు. ఆ జట్టు పడిపోలేదు, ప్రీమియర్‌షిప్ గెలిచింది. ఇందుకు కారణం పర్సెంటేజ్ తప్పు చెప్పడం కాదనీ, ఆ వేసవిలో జట్టు మారడమనీ నేను అనుకుంటాను. టామ్ మిచెల్, బాబీ హిల్, డాన్ మెక్‌స్టే, క్లబ్బులు ఆటగాళ్లను మార్చుకునే ఆ ట్రేడ్ కాలంలోనే వచ్చారు, గ్రాండ్ ఫైనల్‌లో ఉత్తమ ఆటగాడికి ఇచ్చే నార్మ్ స్మిత్ పతకం బాబీ హిల్‌కే దక్కింది. అందుచేత పర్సెంటేజ్‌ను ఒంటరిగా కాక, తర్వాత చెప్పబోయే ఆటగాళ్ల బృందం లెక్కతో కలిపి చదవాలి.

ఈ కొలమానంలోని పెద్ద లోపాన్ని 2025 వెస్టర్న్ బుల్‌డాగ్స్ బయటపెట్టింది. ఆ జట్టు 14 మ్యాచ్‌లు గెలిచింది, పర్సెంటేజ్ 130 దాటింది, అయినా 9వ స్థానంలో మిగిలిపోయింది. చివరి రౌండ్‌లో సొంత మైదానమైన మార్వెల్ స్టేడియంలో ఫ్రీమాంటిల్ చేతిలో ఓడడంతో ఫైనల్స్ తలుపు మూసుకుపోయింది. బలహీన జట్లను పెద్ద తేడాలతో ఓడించి కూడబెట్టిన పాయింట్లు పర్సెంటేజ్‌ను ఉబ్బించాయి, ఫైనల్స్ చేరిన జట్ల మీద గెలుపులు మాత్రం చాలా తక్కువ. కాబట్టి ఈ సంఖ్యను చూసిన వెంటనే, అది ఎవరి మీద సంపాదించినదని అడగాలి. మొదటి ఎనిమిది జట్లతో ఆడిన మ్యాచ్‌లను విడిగా తీసి కూడికలు వేయడం అరగంట పని, ఆ అరగంట వృథా పోదు.

గురి సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. మధ్యనున్న రెండు పొడవైన స్తంభాల నడుమ బంతి వెళ్తే గోల్, దానికి 6 పాయింట్లు; పక్కనున్న పొట్టి స్తంభం వైపు పోతే బిహైండ్, దానికి ఒకటే. 10 గోల్స్, 15 బిహైండ్లు కొట్టిన జట్టు స్కోరు 75. 12 గోల్స్, 3 బిహైండ్లు కొట్టిన జట్టు స్కోరు కూడా 75. మొదటి జట్టు 25 సార్లు స్కోరు చేసింది, రెండోది 15 సార్లే. బంతిని అన్నిసార్లు గోల్ దాకా చేర్చగలిగిన జట్టు బలం నిలకడగా ఉండే అవకాశం ఎక్కువ. గురి ఒక ఏడాది కుదరకపోయినా మరుసటి ఏడాది సగటుకు దగ్గరగా వస్తుంది. స్కోరు కార్డులో ఈ రెండు అంకెలూ విడివిడిగా అచ్చవుతాయి కనుక ఈ లెక్క ఎవరైనా వేసుకోవచ్చు.

ఆటగాళ్ల వయసు, అనుభవం

పర్సెంటేజ్ నిన్నటి బలాన్ని చెబితే, ఆ బలం పెరుగుతుందా తరుగుతుందా అన్నది వయసు చెబుతుంది. 18 ఏళ్లకు డ్రాఫ్ట్‌లో (క్లబ్బులు వంతులవారీగా కొత్త కుర్రవాళ్లను ఎంచుకునే ప్రక్రియ) వచ్చిన కుర్రవాడికి పెద్దవారి శరీరబలానికి అలవాటు పడడానికి రెండు మూడు సీజన్లు పడుతుంది. మిడ్‌ఫీల్డ్ ఆటగాళ్లు ఇరవైల మధ్యలో పూర్తి స్థాయికి చేరతారు, ఆట మొదలయ్యేటప్పుడు బంతి కోసం ఎగిరే రక్ స్థానంలో ఆడే పొడగరులు, ఎత్తైన డిఫెండర్లు ఇంకాస్త ఆలస్యంగా పరిపక్వమవుతారు. గోల్డ్ కోస్ట్ 2019 డ్రాఫ్ట్‌లో మొదటి రెండు ఎంపికలుగా మాట్ రోవెల్‌ను, నోవా ఆండర్సన్‌ను తీసుకుంది. ఆ జట్టు తొలిసారి ఫైనల్స్ ఆడింది 2025లో. అదే ఏడాది రోవెల్ సీజన్ ఉత్తమ ఆటగాడికి ఇచ్చే బ్రౌన్‌లో పతకం గెలిచాడు, ఆండర్సన్ కెప్టెన్‌గా ఉన్నాడు. అంటే దేశంలోనే మేటి కుర్రవాళ్లు ఇద్దరు చేతిలో ఉన్నా ఫలితం అందడానికి ఆరు సీజన్లు పట్టింది. 2024 డ్రాఫ్ట్‌లో మొదటి రౌండ్ ఎంపికలను పెద్ద సంఖ్యలో వాడుకున్న రిచ్‌మండ్ గురించి 2026లోనే గొప్ప ఆశలు పెట్టుకోవడం ఆ పిల్లలకు అన్యాయమని నేను భావిస్తాను.

వయసు మీరిన జట్ల విషయంలో తొందరపాటు తీర్పులు ఎక్కువగా వినిపిస్తాయి. 2022లో గీలాంగ్ ప్రీమియర్‌షిప్ గెలిచిన జట్లన్నిటిలో అత్యంత వయసున్నదిగా పేరుపడింది, కెప్టెన్ జోయెల్ సెల్‌వుడ్ ఆ గెలుపుతోనే విరమించాడు. 2023లో ఆ జట్టు 12వ స్థానానికి పడింది, కానీ 2024లో మూడో స్థానానికి, 2025లో రెండో స్థానానికి తిరిగి లేచింది. పాతవారి వెనుక కొత్తవారిని నిలబెట్టుకుంటూ వచ్చిన జట్టుకు వయసు ఒక ఏడాది దెబ్బ మాత్రమే. వయసు సగటు కన్నా, 50 నుంచి 150 మ్యాచ్‌ల అనుభవంతో 23 నుంచి 28 ఏళ్ల మధ్య ఉన్నవారు ఎందరో లెక్కించడం మేలు. ఆ వరుస నిండుగా ఉన్న జట్టు ముగ్గురు పెద్దలు తప్పుకున్నా తట్టుకుంటుంది.

ట్రేడ్‌లు, కోచ్ మార్పులు

అక్టోబరు ట్రేడ్ కాలంలో పత్రికలు చేసే హడావిడికీ ఆ మార్పుల వల్ల పెరిగే గెలుపులకూ చాలాసార్లు పొంతన ఉండదు. మైదానంలో ఒక్కో వైపు 18 మంది ఆడే ఆటలో ఒక్క తార రాకతో జట్టు రూపం మారడం అరుదు. 2025 చివర చార్లీ కర్నో కార్ల్‌టన్ నుంచి సిడ్నీకి, క్రిస్టియన్ పెట్రాకా మెల్‌బోర్న్ నుంచి గోల్డ్ కోస్ట్‌కు, క్లేటన్ ఆలివర్ మెల్‌బోర్న్ నుంచి గ్రేటర్ వెస్టర్న్ సిడ్నీ (జీడబ్ల్యూఎస్)కి, టామ్ డి కోనింగ్ కార్ల్‌టన్ నుంచి సెయింట్ కిల్డాకు మారారు. ఇలాంటి మార్పులలో ఆటగాడి పేరు కన్నా, జట్టులో ఏ చోటు ఖాళీగా ఉందో, వచ్చినవాడు ఆ చోటికే వచ్చాడో లేదో చూడాలి. 2024 చివర అడిలైడ్ తెచ్చుకున్న అలెక్స్ నీల్-బుల్లెన్, ఐజాక్ కమింగ్, జేమ్స్ పీట్లింగ్ పెద్ద తారలు కారు, కానీ లోటున్న చోట్లను ముగ్గురూ నింపారు. ఒకే ఒక్క పెద్ద పేరు తెచ్చిన జట్టు కన్నా ఇలా మూడు గుంటలు పూడ్చుకున్న జట్టునే నేను ఎంచుకుంటాను.

కోచ్ విషయంలో ఏ నియమమూ నిలవదు. క్రిస్ స్కాట్ 2011లో గీలాంగ్‌కు వచ్చిన తొలి ఏడాదే ప్రీమియర్‌షిప్ గెలిచాడు, ఎందుకంటే అప్పటికే సిద్ధంగా ఉన్న జట్టు ఆయన చేతికి వచ్చింది. క్రిస్ ఫేగన్ 2017లో బ్రిస్బేన్ బాధ్యత తీసుకుని ఆ ఏడాది చివరి స్థానంలో, మరుసటి ఏడాది 15వ స్థానంలో ముగించాడు, 2019లో రెండో స్థానానికి చేరాడు, 2024, 2025లలో వరుసగా రెండు ప్రీమియర్‌షిప్‌లు గెలిచాడు. సిడ్నీలో డీన్ కాక్స్ తొలి ఏడాది జట్టు కిందికి జారింది. 2026కు మెల్‌బోర్న్‌లో స్టీవెన్ కింగ్, పోర్ట్ అడిలైడ్‌లో జాష్ కార్ కొత్తగా పగ్గాలు పట్టారు. ఆ రెండు జట్ల గురించి పాత సంఖ్యలతో గట్టిగా మాట్లాడడం సముచితం కాదు.

ఫిక్చర్, ప్రయాణాలు, గాయాలు

18 జట్లు ఉన్న లీగ్‌లో 23 మ్యాచ్‌లు ఆడితే ఒక్కో జట్టు ఆరుగురు ప్రత్యర్థులను రెండోసారి ఎదుర్కోవాలి. గత సీజన్ స్థానాలను ఆరేసి జట్ల మూడు గుంపులుగా విడదీసి, పై గుంపు జట్లకు తమతోటి బలమైన జట్లతో రెండోసారి మ్యాచ్‌లు ఎక్కువ పడేలా లీగ్ ఫిక్చర్ (మ్యాచ్‌ల జాబితా) రూపొందిస్తుంది. 15వ స్థానంలో ముగించిన జట్టుకు మరుసటి ఏడాది దారి కాస్త సులువవుతుంది, మొదటి స్థానంలో ముగించిన జట్టుకు కఠినమవుతుంది. అడిలైడ్ ఎదుగుదలలో ఈ సులువుకు కొంత పాలు ఉంది, 2026లో అది ఉండదు. ఫిక్చర్ ప్రకటించిన రోజే ఏ ఆరు జట్లతో రెండుసార్లు ఆడాలో రాసిపెట్టుకోవడం చాలా తక్కువ శ్రమతో దొరికే విలువైన సమాచారం. పెర్త్ జట్లు రెండింటికీ (వెస్ట్ కోస్ట్, ఫ్రీమాంటిల్) దాదాపు రెండు వారాలకొకసారి దేశం ఈ చివర నుంచి ఆ చివరకు విమానంలో వెళ్లక తప్పదు, కనుక బయటి మైదానాల్లో వాటి ఫలితాలను వేరుగా చూడాలి.

ఫిబ్రవరిలో జరిగే సన్నాహక మ్యాచ్‌ల స్కోర్లకు నేను ఏ విలువా ఇవ్వను. ఎవరు ఏ స్థానంలో ఆడుతున్నారో, ఎవరు గాయపడ్డారో తెలుసుకోవడానికి మాత్రమే అవి ఉపయోగపడతాయి. 2025 సీజన్ మొదలు కాకముందే సిడ్నీకి ఎరల్ గుల్డెన్ కాలి చీలమండ గాయంతో చాలాకాలం దూరమయ్యాడు, ఫార్వర్డ్ లోగన్ మెక్‌డొనాల్డ్ ఏడాదంతా ఆడలేదు. ఆ జట్టు పతనంలో గాయాల వాటా ఎంతో గుర్తించనివారు దాని 10వ స్థానాన్ని సరిగా చదవలేరు.

మూడు జట్లకు ఈ లెక్కలను వర్తింపజేస్తే

సిడ్నీ, అడిలైడ్, వెస్టర్న్ బుల్‌డాగ్స్ గత ఏడాది 10, 1, 9 స్థానాల్లో ముగించాయి. ఆ క్రమాన్నే నమ్మితే అడిలైడ్‌కు మిగతా రెండూ చాలా దూరం. నా అంచనా అలా లేదు.

ఈ మూడింటిలో ఎక్కువ మెట్లు పైకెక్కే అవకాశం సిడ్నీకే ఉంది. గాయాల నుంచి తిరిగి వచ్చేవారు, అనుభవజ్ఞులైన మిడ్‌ఫీల్డ్, కోచ్‌కు రెండో ఏడాది, ముందు వరుసలో లోటుగా ఉన్న ఎత్తైన ఫార్వర్డ్ స్థానానికే 2022, 2023 సీజన్లలో అత్యధిక గోల్స్ కొట్టినవారికి ఇచ్చే కోల్‌మన్ పతకం గెలిచిన కర్నో రావడం, ఇవన్నీ ఒకే దిశను చూపిస్తున్నాయి. విల్ హేవర్డ్, ఆలీ ఫ్లోరెంట్ వెళ్లిపోవడం వల్ల వచ్చే నష్టం తక్కువది కాదు, అయినా మొత్తం మీద తూకం సిడ్నీ వైపే మొగ్గుతుంది. మొదటి ఆరులో ముగిస్తుందని నేను నమ్ముతున్నాను.

అడిలైడ్ మొదటి స్థానం నుంచి జారుతుంది కానీ పడిపోదు. 2025లో ఆ జట్టు 18 గెలిచి, ఫైనల్స్‌లో సొంత మైదానంలోనే మొదట కాలింగ్‌వుడ్ చేతిలో, తర్వాత హాథార్న్ చేతిలో ఓడింది. ఆ రెండు మ్యాచ్‌లకూ ఇజాక్ రాంకిన్ నిషేధం వల్ల అందుబాటులో లేడు. ఆ రెండు ఓటములను చూసి జట్టును తక్కువ చేయడం సరికాదు, అలాగే 18 గెలుపులు కఠినమైన ఫిక్చర్‌తో మళ్లీ వస్తాయనుకోవడమూ సరికాదు. నాలుగు నుంచి ఎనిమిది మధ్య ఎక్కడైనా ఉండవచ్చు.

బుల్‌డాగ్స్ గురించి తేల్చి చెప్పడం అన్నిటికన్నా కష్టం, నాకు అన్నిటికన్నా ఆసక్తి ఉన్నదీ ఈ జట్టే. మెల్‌బోర్న్ పడమటి శివార్లలో, టార్నీట్, ట్రుగనీనా, పాయింట్ కుక్ ప్రాంతాల్లో తెలుగు కుటుంబాలు అనేకం నివసిస్తున్నాయి. పడమటి వైపు జట్టు ఇదే, ఫుట్‌స్క్రేలోని విటెన్ ఓవల్ దీని నిలయం. మార్కస్ బాంటెంపెల్లి వంటి కెప్టెన్, శామ్ డార్సీ వంటి పొడగరి ఫార్వర్డ్ ఉన్న జట్టు మధ్యలో, ముందు వరుసలో ఎవరికీ తీసిపోదు. మేటి జట్లు బంతిని వేగంగా తీసుకొచ్చినప్పుడు వెనుక వరుస నిలవకపోవడమే దాని బలహీనత. జట్టు నుంచి ఒక ఏడాది బెయిలీ స్మిత్ గీలాంగ్‌కు, మరుసటి ఏడాది జమారా ఉగల్-హేగన్ గోల్డ్ కోస్ట్‌కు వెళ్లిపోయారు. అయినా పిల్లలను తీసుకుని ఏడాది పొడుగునా మైదానానికి వెళ్లాలనుకునే పడమటి వైపు కుటుంబానికి నేను ఈ జట్టు మెంబర్‌షిప్‌నే సూచిస్తాను. మార్వెల్ స్టేడియం సదరన్ క్రాస్ రైల్వే స్టేషన్ పక్కనే ఉండడం, గోల్స్ ఎక్కువగా పడే ఆట చూడగలగడం, పట్టికలో ఒకటి రెండు స్థానాల కన్నా కుటుంబానికి ముఖ్యం. టిప్పింగ్ పోటీలో మాత్రం, ప్రత్యర్థి మొదటి ఆరు జట్లలో ఒకటైతే, బుల్‌డాగ్స్ వైపు గుర్తు పెట్టేముందు ఆగి ఆలోచించాలి.

2026 నుంచి ఇంకొక మార్పు ఈ అంచనాలను ప్రభావితం చేస్తుంది. ఇంతవరకు ఎనిమిది జట్లే ఫైనల్స్ ఆడేవి. ఇకపై ఏడో జట్టు పదో జట్టుతో, ఎనిమిదో జట్టు తొమ్మిదో జట్టుతో వైల్డ్‌కార్డ్ రౌండ్ ఆడి, గెలిచినవే ముందుకు వెళ్తాయి. ఈ నియమం 2025లోనే ఉంటే గోల్డ్ కోస్ట్ సిడ్నీతో, హాథార్న్ బుల్‌డాగ్స్‌తో తలపడి ఉండేవి. అందువల్ల ‘ఫైనల్స్ చేరుతుందా’ అన్న ప్రశ్న ఇకపై అంత పదునైనది కాదు, ‘మొదటి ఆరులో ఉంటుందా’ అని అడగడం మేలు.

సీజన్ మొదలయ్యాక మీ అంచనాను ఎప్పుడు సరిదిద్దుకోవాలన్నది మిగిలిన ప్రశ్న. 2024లో హాథార్న్ మొదటి ఐదు మ్యాచ్‌లూ ఓడి, చివరకు 14 గెలుపులతో ఏడో స్థానంలో ఫైనల్స్ చేరింది. కనుక మొదటి ఐదు రౌండ్ల గెలుపోటములను చూసి చేతులెత్తేయవద్దు. ఎనిమిది రౌండ్ల తర్వాత పర్సెంటేజ్ తీసుకుని, అది ఏయే జట్ల మీద వచ్చిందో, స్కోరు చేసిన సార్లు ప్రత్యర్థుల కన్నా ఎక్కువో తక్కువో చూడండి. బుల్‌డాగ్స్ విషయంలో అంతవరకు ఆగనక్కరలేదు; గత ఏడాది మొదటి ఆరులో నిలిచిన జట్లతో ఆడే తొలి మూడు మ్యాచ్‌లలో ప్రత్యర్థికి ఇచ్చిన పాయింట్లు 80 లోపు ఉన్నాయా అన్నది చూస్తే, వెనుక వరుస బాగుపడిందో లేదో తెలిసిపోతుంది.